లివర్ రిపోర్టు మీద ఇంకొక్క లైను అచ్చు వేయించండి: వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లాల్లో క్షయ నిర్మూలన కార్యక్రమం చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. రక్తం తీయడం, సీరం వేరు చేయడం, అంకెలు రిజిస్టర్లో ఎక్కించడం, ఇదే నా ఉద్యోగం. మందుల వల్ల, మద్యం వల్ల లివర్ పాడైన వాళ్ల రిపోర్టులు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. వాటిలో కొన్నిటిలో ప్రమాదం నెలల ముందే కనబడేది. అంకెలు కాగితం మీద ఉండేవి, వాటిని కలిపి చదివే మనిషి ఉండేవాడు కాదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కోట్ల రూపాయల మిషన్లు అడగడానికి రాయడం లేదు. ఇప్పటికే చేస్తున్న పరీక్షలను చదివించే ఏర్పాటు చేయండి, అదీ నా విన్నపం.

2018లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత జిల్లాలకు వెళ్లిన ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వల్ల ఇవాళ ఊరి ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం జిల్లా హబ్‌కు, అంటే జిల్లా ల్యాబ్‌కు చేరి, పైసా ఖర్చు లేకుండా పరీక్ష అవుతోంది. లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష ఒక్క ఎల్‌ఎఫ్‌టీ కోసం పట్నం పోయి రోజు కూలి పోగొట్టుకున్న వాళ్లను చూసినవాళ్లకు దీని విలువ తెలుసు. ఇంత మంచి వ్యవస్థ చేతిలో ఉంది కాబట్టే అడగాలనిపిస్తోంది.

లివర్ అంకెలను కలిపి చదవడం మన రాష్ట్రానికి ఎందుకు అత్యవసరమో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతారు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో అది 23.3 శాతం. అంటే మన దగ్గర టీబీ మందులు మొదలుపెట్టే మగవాళ్లలో తాగే అలవాటు ఉన్నవాళ్లు తక్కువేమీ ఉండరు. ఆ రెండూ ఒకే లివర్ మీద పడతాయి.

మన దేశంలో మందుల వల్ల లివర్ దెబ్బతినడానికి మొదటి కారణం టీబీ మందులే. దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి 1,288 మంది రోగుల వివరాలు సేకరించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 46 శాతం కేసులు వాటివల్ల వచ్చినవే. రెండో స్థానం మూలికలు, నాటు మందులది, దాదాపు 14 శాతం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఈ మూడింటిలో ఏదైనా లివర్‌కు పడకపోవచ్చు. ఇథాంబుటాల్‌తో మాత్రం ఆ భయం దాదాపు లేదు. మొదటి రెండు నెలలు నాలుగూ కలిపిన గోలీ ఇస్తాం. లివర్ సమస్య ఎక్కువగా బయటపడేదీ ఆ తొలి నెలల్లోనే. ఇది చదివి ఎవరూ టీబీ మందులు మానేయకూడదని ఇక్కడే గట్టిగా చెబుతున్నాను. ఎక్కువ మందికి అవి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తాయి, ప్రాణాలు నిలబెడతాయి. సొంతంగా ఆపేస్తే టీబీ ముదురుతుంది, మందులకు లొంగని రకంగానూ మారవచ్చు. అందుకే ఎవరి లివర్ తట్టుకోలేకపోతోందో సమయానికి పట్టుకోవాలి.

ఎలా తప్పిపోతుందో ఒక మనిషి కథ చెబుతాను. ఊరు, పేరు, ఆసుపత్రి అనవసరం.

రైస్ మిల్లులో హమాలీ. 46 ఏళ్లు. సాయంత్రం బస్తాలు దించాక రోజూ ఒక క్వార్టర్. టీబీ అని తేలి మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు తిండి సహించడం మానేసింది, పొద్దున్నే వాంతి వచ్చేది. ‘మందులు వేడి చేసినయ్, మజ్జిగ తాగు’ అన్నారు ఇంట్లో. మూత్రం ముదురు రంగులో వస్తోంది. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని మనమే మొదటి రోజు చెప్పి పంపుతాం. అది నిజమే, చెప్పాల్సిందే. కానీ కామెర్ల మూత్రం ఆ మాట చాటునే దాక్కుంటుంది. ఆయన భార్య తర్వాత నాతో అన్న మాట ఇది: ‘గోలీలు ఏస్కుంటే ఎర్రగొస్తదని సారోళ్లే చెప్పిన్రు కదా, అందుకే మేం ఏమనుకోలే.’

రోజూ చూసేవాళ్లకు కళ్లు పచ్చబడడం తెలియలేదు. బతుకమ్మ పండుగకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ గుమ్మంలోనే కనిపెట్టింది. అప్పుడు దవాఖానకు తీసుకుపోలేదు. పసరు వేయించారు, ఉప్పూ కారం మాన్పించి పెరుగన్నం పెట్టారు. టీబీ గోలీలు మాత్రం పథ్యం మధ్యలోనూ వేసుకుంటూనే ఉన్నాడు. నెల నెలా తప్పకుండా వేసుకునే మంచి పేషెంటని ఆయనకు పేరు. మాటలు తడబడి, మనుషులను గుర్తుపట్టలేని స్థితిలో పెద్దాసుపత్రికి చేర్చేటప్పటికి కామెర్లను కొలిచే బిలిరుబిన్ 17, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ 3 దాటి, రెండూ ప్రమాద స్థాయికి చేరాయి. అక్కడి నుంచి ఇంటికి తిరిగి రాలేదు.

మనవాళ్లు దవాఖాన కాగితాలు పడేయరు. పాలిథిన్ కవర్లో మడతలు పెట్టి దాస్తారు. ఆ కవర్ నాకు చూపించారు. అందులో టీబీకి కొన్ని నెలల ముందు హెర్నియా ఆపరేషన్ కోసం చేయించిన పరీక్షలున్నాయి. ఒక కాగితంలో, లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే రెండు ఎంజైముల అంకెలు: ఎస్‌జీఓటీ 118, ఎస్‌జీపీటీ 52. వేరే కాగితంలో ప్లేట్‌లెట్లు 94 వేలు. రెండో కాగితం అంచున ఎవరో పెన్నుతో ‘డెంగీ?’ అని రాశారు. జ్వరం లేదు. అయినా ప్లేట్‌లెట్లు తగ్గాయి అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది డెంగీ ఒక్కటే. బొప్పాయి ఆకు రసం తాగించారు. ఆపరేషన్ వాయిదా పడింది. సంగతి అక్కడితో ముగిసిపోయింది.

ఆ మూడు అంకెలు కలిపి చదివితే ఏం చెబుతున్నాయో చూడండి. మామూలుగా చాలా లివర్ జబ్బుల్లో ఎస్‌జీపీటీ ఎక్కువ, ఎస్‌జీఓటీ తక్కువ ఉంటుంది. మద్యం వల్ల దెబ్బతిన్నప్పుడు అది తిరగబడి, ఎస్‌జీఓటీ తరచూ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటుతుంది. తాగేవాళ్ల ఒంట్లో బీ6 విటమిన్ తగ్గి ఎస్‌జీపీటీ పెరగలేకపోవడం, లివర్ కణం లోపలి మైటోకాండ్రియా దెబ్బతిని ఎస్‌జీఓటీ బయటకు రావడం అందుకు కారణాలు. ఇక ప్లేట్‌లెట్ల సంగతి. లివర్ గట్టిపడితే దానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లను అది పట్టి ఉంచేస్తుంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లతోనూ ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగిస్తే వచ్చే అంకెను ఫిబ్-4 అంటారు. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, అంటే 94 వేలకు 94. అది 1.3 కంటే తక్కువైతే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే పెద్ద డాక్టర్ చూడాలి. ఈ హమాలీకి లెక్క వేస్తే 8 వచ్చింది. టీబీ మందు మొదటి గోలీ మింగేనాటికే ఆయన లివర్ సిరోసిస్ దగ్గరికి, అంటే మచ్చలు కట్టి గట్టిపడిపోయే దశ దగ్గరికి వచ్చి ఉందని ఆ పాత కాగితాలు చెబుతున్నాయి. అలాంటి లివర్ ఉన్నవాళ్లకు పైరాజినమైడ్ లేని మందుల కూర్పు ఎంచుకుంటారు, రక్తం వెంట వెంట చూస్తారు.

ఫిబ్-4 ఎవరూ ఎందుకు లెక్క వేయరో ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ సీరం నుంచి వస్తాయి, అది పసుపు మూత ట్యూబ్. ప్లేట్‌లెట్లు రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్షలో వస్తాయి, అది ఊదా మూత ట్యూబ్. రెండూ రెండు మిషన్ల మీదికి వెళ్తాయి, రెండు కాగితాలుగా బయటికి వస్తాయి. ఓపీలో వంద మందిని చూడాల్సిన డాక్టర్ కాలిక్యులేటర్ తీసి వర్గమూలం వేస్తారని ఆశించడం న్యాయం కాదు. కంప్యూటర్ వేయగలదు. వయసు దాని దగ్గర ఉంది, మూడు అంకెలూ దాని దగ్గరే ఉన్నాయి. 35 ఏళ్లు దాటిన వాళ్లకు ఒకే రోజు ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ రెండూ చేస్తే ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టు అడుగున ఫిబ్-4 విలువ, దాని పక్కన తెలుగులో ఒక వాక్యం అచ్చయ్యేలా సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేయించండి. రసాయనం ఖర్చు లేదు, సిబ్బంది అవసరం లేదు. నా మొదటి విన్నపం ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

దీనికి హద్దులున్నాయి, వాటినీ చెప్పాలి. డెంగీ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. అప్పుడు లెక్క వేస్తే ఎవరికైనా సిరోసిస్ ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి జ్వరం మీద ఉన్నప్పుడు, కామెర్లు ముమ్మరంగా ఉన్నప్పుడు ఈ లెక్క చెల్లదు, తగ్గాక మళ్లీ చూడాలి. 65 దాటిన వాళ్లకు 1.3 బదులు 2 పట్టుకోవాలి. నమూనా సంగతి కూడా ఉంది. ఎండలో బైకు మీద ఊగుతూ వచ్చిన ట్యూబులో ఎర్ర కణాలు పగిలితే సీరం గులాబీ రంగులోకి తిరుగుతుంది, ఎస్‌జీఓటీ ఊరికే పెరుగుతుంది. ఊదా మూత ట్యూబును సరిగ్గా తిప్పి కలపకపోతే ప్లేట్‌లెట్లు గడ్డకట్టి మిషన్ తక్కువ చూపిస్తుంది. అలాంటి నమూనాను వెనక్కి పంపే అధికారం, ధైర్యం హబ్‌లోని టెక్నీషియన్‌కు ఉండాలి. ‘మళ్లీ రక్తం తీయాలంటే పేషెంట్ కొట్లాటకు వస్తడు’ అని సర్దుకుపోవడం నేను చాలాసార్లు చూశాను.

రెండో విన్నపం ఫోన్ గురించి. హై జిమ్మర్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ చాలా ఏళ్ల కిందట గమనించిన విషయం ఒకటుంది. ఒక మందు వల్ల ఎస్‌జీపీటీ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటి, దానితోపాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, అలాంటి పదిమందిలో కనీసం ఒకరు చనిపోతారు లేదా లివర్ మార్పిడి దాకా వెళ్తారు. ఇవాళ కొత్త మందులను పరీక్షించే కంపెనీలన్నీ ఈ సూత్రాన్ని పాటిస్తాయి. ఎస్‌జీపీటీ పెరిగిందంటే లివర్ కణాలు పగులుతున్నాయని అర్థం. బిలిరుబిన్ కూడా పెరిగిందంటే మిగిలిన కణాలు పని నెట్టుకురాలేకపోతున్నాయని. రెండూ కలిసి కనబడ్డ రోజు ఆ రిపోర్టు ప్రింటై, సంచిలో పడి, ఎప్పుడో ఊరు చేరితే లాభం లేదు. అదే రోజు హబ్ నుంచి మెడికల్ ఆఫీసర్‌కు ఫోన్ వెళ్లాలి. అందుకోసం ల్యాబ్ స్లిప్ మీద మూడు గళ్లు పెట్టించండి: ఏ మందులు వాడుతున్నారు, ఎప్పటినుంచి, ఎవరికి ఫోన్ చేయాలి. టీబీ మందులు మొదలైన కొత్తలో రిఫాంపిసిన్ ఒక్కదాని వల్లే బిలిరుబిన్ కాస్త పెరిగి తగ్గడం ఉంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి అది మాత్రమే పెరిగితే కంగారుపడి మందులు ఆపనక్కర్లేదు. ఆ తేడా తెలియాలన్నా ఏ మందు వాడుతున్నారో స్లిప్ మీద ఉండాలి కదా.

టీబీ విషయంలో ఎప్పుడు ఆపాలో ఇప్పటికే స్పష్టంగా ఉంది. వాంతులు, ఆకలి లేకపోవడం, కామెర్ల లాంటి లక్షణాలతో ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకుండా ఐదు రెట్లు దాటినా లివర్‌ను దెబ్బతీసే మందులు ఆపి, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. ఈ నియమం డాక్టర్లకు తెలుసు. ఆశా కార్యకర్తకు తెలియాల్సింది వేరే. ఆమె గోలీలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మూత్రం రంగు గురించి అడిగి ఊరుకోకుండా ‘అన్నం సహిస్తోందా?’ అని అడగాలి, వెలుతురులోకి రమ్మని కళ్లు చూడాలి. అన్నం సహించకపోవడం చాలామందిలో కామెర్ల కంటే ముందొస్తుంది. ఇంకో మాట కూడా: ‘కామెర్లు కనబడితే పసరుకు పోయే ముందు నాకు ఫోన్ చెయ్యండి.’ పసరు వేసేవాళ్లను తిట్టమని నేను అనను. తిడితే జనం దాచిపెడతారు.

మందులు మొదలుపెట్టే ముందు ఒక ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ ఉండి తీరాలి. రోజూ తాగేవాళ్లకు, హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, బాగా చిక్కిపోయిన వాళ్లకు మొదటి రెండు నెలల్లో మళ్లీ మళ్లీ చూడాలి. హెపటైటిస్ పరీక్ష, చికిత్స 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే ఉన్నాయి, టీబీ, హెపటైటిస్ కార్యక్రమాలు రెండింటినీ ఒకే రక్తపు ట్యూబు దగ్గర కలపొచ్చు.

ఇక మద్యం గురించి అడగడం. ‘తాగుతావా?’ అని గదమాయిస్తే ‘లేదు సార్’ అంటారు, ఎవరైనా అంతే. అందుకని కొందరు, జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైమ్ పెరిగింది కాబట్టి తాగుతున్నాడని తీర్మానిస్తారు. ఇది అన్యాయం. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ వల్ల కూడా జీజీటీ పెరుగుతుంది, ఫ్యాటీ లివర్‌లో కూడా పెరుగుతుంది. చుక్క ముట్టని మనిషిని తాగుబోతని ముద్ర వేసిన కాగితాలు నేను చూశాను. మద్యం తాగినట్టు రక్తంలో కచ్చితంగా చూపించే పరీక్ష ఫాస్ఫాటిడైల్ ఇథనాల్, పెత్ అంటారు. ఒంట్లోకి మద్యం వెళ్తేనే అది తయారవుతుంది, ఎర్ర కణాల పొరలో రెండు నుంచి నాలుగు వారాల దాకా ఉండిపోతుంది. ఊరూరా అది అక్కర్లేదు, ఖరీదు కూడా. రాష్ట్రంలో ఒక రెఫరల్ ల్యాబ్‌లో ఉంటే పెద్దాసుపత్రుల లివర్ విభాగాలకు, మద్యం మాన్పించే కేంద్రాలకు ఉపయోగం. కానీ ఆ ఫలితం చికిత్స కోసమే వాడాలని, పెన్షన్లకూ పథకాలకూ అడ్డం పెట్టకూడదని ముందే ఉత్తర్వు ఉండాలి. లేకపోతే రక్తం ఇవ్వడానికే జనం రారు.

తాగేవాళ్ల రిపోర్టు విషయంలో ఇంకో పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. కేవలం మద్యం వల్ల వచ్చిన హెపటైటిస్‌లో ఎస్‌జీఓటీ సాధారణంగా మూడు నాలుగు వందలు దాటదు. వేలల్లో ఉందంటే వేరే కారణం వెతకాలి: పారాసిటమాల్, వేరే మందు, వైరస్, లేదా లివర్‌కు రక్తం అందకపోవడం. ఒళ్లు నొప్పులకు గోలీ మీద గోలీ వేసుకుంటూ, పైన తాగుతూ, తిండి లేకుండా ఉండే కూలీలకు పారాసిటమాల్ మామూలు మోతాదు దాటితే విషమవుతుంది. దానికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మొదటి 8 గంటల్లో ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా ఇవ్వాల్సిందే. ‘తాగుతడు కదా, అంతే ఉంటది’ అని పక్కన పెట్టిన రిపోర్టులో విరుగుడున్న జబ్బు ఉండొచ్చు. ఏరియా ఆసుపత్రుల్లో ఆ మందు నిల్వ ఉందో లేదో ఒకసారి చూడమని కోరుతున్నాను.

మూలికల గురించి క్లుప్తంగా. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలు దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు ప్రచురించారు. ‘ఆకు మందే కదా’ అనుకుని జనం దాన్ని మందుల లెక్కలో చెప్పరు. స్లిప్ మీద నేను అడిగిన గడిలో ‘పసరు, కషాయం, చూర్ణం’ అని కూడా అచ్చు వేయించండి.

లివర్ దెబ్బను రక్తంలో చూపే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122, కెరాటిన్-18, జీఎల్‌డీహెచ్ లాంటి కొత్త గుర్తుల మీద ప్రపంచమంతటా పని జరుగుతోంది. జీఎల్‌డీహెచ్ మీద నాకు ప్రత్యేకంగా ఆశ ఉంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కండరాల్లోనూ ఉంటాయి కాబట్టి బస్తాలు మోసే హమాలీకి, బండలు కొట్టే కూలీకి అవి లివర్‌తో సంబంధం లేకుండానే పెరగవచ్చు. జీఎల్‌డీహెచ్ అలా పెరగదు. ఈ పరిశోధన చేయగల సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, టీబీ రోగులూ ఇక్కడే ఉన్నారు. ఐసోనియాజిడ్‌ను నెమ్మదిగా అరిగించుకునే జన్యు లక్షణం మన దేశంలో ఎక్కువ మందిలో ఉంది. వాళ్లకు లివర్ ప్రమాదం ఎక్కువ. దాని మీద మన రాష్ట్రంలోనే పెద్ద అధ్యయనం జరగాలి. కానీ వాటికోసం ఎదురుచూస్తూ ఇవాళ చేతిలో ఉన్న మూడు అంకెలను వదిలేయకండి.

రాష్ట్రమంతా ఒక్కసారే చేయమని అడగడం లేదు. టీబీ కేసులు ఎక్కువున్న ఏదైనా ఒక జిల్లా హబ్‌లో ముందు ఫిబ్-4 లైను, ఫోన్ చేసే పద్ధతి, కొత్త స్లిప్ మొదలుపెట్టండి. ఎంతమందికి 2.67 దాటింది, వాళ్లలో ఎంతమంది పెద్ద డాక్టర్ దాకా వెళ్లారు, ఎన్ని ఫోన్లు అదే రోజు అందాయి అన్నది నెల నెలా లెక్క తీయించి, ఆ లెక్కను జనానికి తెలిసేలా పెట్టండి. ఫోన్లు అందకపోతే ఎక్కడ ఆగుతున్నాయో కూడా అందులోనే తెలుస్తుంది. ఉత్తర్వులు ఇచ్చే ముందు హబ్‌లలో రాత్రింబవళ్లు పనిచేస్తున్న టెక్నీషియన్లను కూర్చోబెట్టి ఒక పూట మాట్లాడండి. ఏ ట్యూబు ఎక్కడ పాడవుతోందో, ఏ రిపోర్టు ఎక్కడ ఆగుతోందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్